అంచున కూర్చున్నవాళ్ల కోసం ఒక లెన్సు

గురువారం పొద్దున సిరిసిల్లలో నేను పాఠాలు చెప్పే బడిలో ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతుల్లోకి పోతుంటే కోరుట్ల నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెద్దబాపు లేస్తలేడు బిడ్డా" అంది. చాయ్ పెట్టి పిలిస్తే పలకలేదట. నేను బస్సెక్కి పోయేసరికి ఇంటి ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. మా బాపుకు అన్న, జగిత్యాలలో ముప్పై ఏళ్లకు పైగా ఫోటో స్టూడియో నడిపిన మనిషి, నాకు పెద్ద కెమెరా పట్టడం నేర్పిన మనిషి, ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా పోయాడు. చాయ్ తాగడానికి బయటికి పోయినా నాలుగు జాగ్రత్తలు చెప్పి పోయే మనిషి. అందుకే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

పెద్ద కెమెరా అంటే మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. మూడు కాళ్ల మీద నిలబడుతుంది. ముందు లెన్సు, వెనక గరుకు అద్దం, మధ్యలో కొలిమితిత్తిలాగా మడతలు. తల మీద నల్లబట్ట కప్పుకుని ఆ అద్దంలోకి చూస్తే ఎదుటి మనుషులు తలకిందులుగా కనిపిస్తారు. చూడటం అయ్యాక లెన్సు మూసి, అద్దం ఉన్న చోట ఫిలిం పెట్టె దోపి, ఫిలింకు వెలుతురు తగలకుండా దాని మీద ఉండే పలక లాగి, అప్పుడు బొమ్మ తీయాలి. బడి పిల్లల గ్రూపు ఫోటోలన్నీ పెద్దబాపు దీంతోనే తీసేవాడు. సెల్‌ఫోన్లు వచ్చి స్టూడియో మూతపడ్డాక సామానంతా ఇచ్చేశాడు గానీ దీన్ని మాత్రం కోరుట్ల ఇంటికి తెచ్చుకున్నాడు. ఇప్పుడు దీనికి ఫిలిం దొరకడం కష్టమని నేను ఎక్స్‌రే ఫిలిం కొలతకు కోసి వాడుతుంటే ఆయనకు మహా సంబరం. "ఎముకలు తీసే ఫిలిం మీద మొఖాలు తీస్తున్నవు, ఏం మోపైనవే" అని నన్ను మురిపెంగా తిట్టి, వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

లెన్సును నోటితో ఊదితే ఊరుకునేవాడు కాదు. పాత ధోవతి ముక్క ఒకటి జేబులో ఉండేది, దాంతోనే తుడవాలి. అదే ముక్కతో కళ్లద్దాలు తుడుచుకుంటే మాత్రం తప్పు లేదు. గ్రూపు ఫోటో తీసేటప్పుడు నడుమ కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి వైపు అసలు చూసేవాడు కాదు. చివర నిలబడ్డ వాళ్ల దగ్గరికి పోయి భుజాలు సర్దేవాడు. "నడుమ కూసున్నోడు ఎట్లైనా వస్తడు బిడ్డా, నువ్వు అంచుల పొంటి చూడు" అనేవాడు. కూలికి పోయే ఇంట్లో పుట్టి, చిన్నప్పుడు బడి ఫోటోలో తను ఎప్పుడూ అంచునే నిలబడ్డాడు. ఒక ఫోటోలో సగం చెవి మాత్రమే వచ్చిందని నవ్వుతూ చెప్పేవాడు గానీ, ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

లోకం మొత్తాన్ని ఫోటో తీసిన మనిషి పెద్దమ్మను పనిలో ఉండగా ఒక్కసారి కూడా తీయలేదు. ఆమె బీడీలు చేస్తుంది. కోరుట్లలో వాళ్ల ఇంటి ముందర్ర, అంటే ముందు గది, పది అడుగులు ఉంటే ఎక్కువ. పగలంతా అందులో ఆమెతో కలిపి ఎనిమిది మంది ఆడవాళ్లు గోడల పొంటి కూర్చుని, ఒళ్లో చాటలు పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ తంబాకు చుడుతూ ఉంటారు. ఇల్లు తనదే అయినా పెద్దమ్మ కూర్చునేది తలుపు పక్కన మూలకు. ఎవరొచ్చినా లేవాల్సింది తనే కదా.

రెండేళ్ల కింద షుగరుతో పెద్దబాపుకు ఒక కన్ను పోయింది. రెండోదాని గురించి కూడా డాక్టరు ధైర్యం చెప్పలేదు. ఆ రోజు ఆసుపత్రి నుంచి వస్తూ బస్సులో నా పక్కన కూర్చుని అన్నాడు. "చూపున్నప్పుడే మీ పెద్దమ్మను, గా ఆడోళ్లందర్ని ఒక్క అద్దంల చూడాలె. మనకున్న లెన్సుకు అయిదుగురే వస్తరు. ఎనకకు జరుగుదమంటే గోడ." అట్లా మొదలైంది మా వైడ్ లెన్సు వేట. కొత్తది కొనే స్తోమత లేదు, వాడినదే వెతుక్కోవాలి.

హైదరాబాద్ నుంచి ఒకాయన పార్సిల్‌లో పంపిన లెన్సు మొదట వచ్చింది. కొత్త స్టీలు గిన్నెలా మెరిసిపోతోంది. టార్చి వేసి చూశాను, బూజు లేదు, గీత లేదు. నేను అప్పుడే మురిసిపోతున్నా. పెద్దబాపు దాన్ని కెమెరాకు బిగించి, నన్ను వెనక్కి రమ్మన్నాడు. గరుకు అద్దానికి నాలుగు మూలలా చిన్న ముక్క కోసి ఉంటుంది. ఎందుకో అప్పటిదాకా నేను అడగనే లేదు. "గా మూలకెల్లి లెన్సు దిక్కు చూడు. రంధ్రం గుండ్రంగ కనవడ్తుందా?" అన్నాడు. కనపడలేదు. లెన్సు లోపల వెలుతురు వచ్చే ఆ రంధ్రాన్ని చిన్నది చేసి చూసినా అంతే, కోసిన నిమ్మచెక్కలా ఒక పక్క తెగిపోయి ఉంది.

"అంటే గా మూలకు కూసున్నోళ్లు చీకట్ల వోతరు" అన్నాడు.

నాకు చిర్రెత్తింది. ఇంత మంచి సరుకు మళ్లీ దొరకదు. "పోనీ పెద్దబాపూ, ప్రింటు వేసేటప్పుడు మూలలు కోసేద్దాం" అన్నాను.

ఆయన ధోవతి ముక్క మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఎవల్ని కోస్తవు?" అన్నాడు.

ఆ లెన్సును మర్నాడే తిరిగి పంపించేశాం.

రెండోది మా సిరిసిల్లలోనే దొరికింది. ఒక పాత స్టూడియో ఆయన సొరుగులో గుడ్డలో చుట్టి పెట్టాడు. ముందు అద్దం మీద గోరుతో గీసినట్టు పెద్ద గీత. మీట నొక్కితే ఒక సెకను అనుకున్నది గుర్రుమంటూ సెకనున్నర దాకా నడుస్తోంది. నేను మొఖం ముడిచాను. పెద్దబాపు లెన్సును చెవికి ఆనించుకుని పదిసార్లు నొక్కాడు, పదిసార్లూ వేళ్లు కదిలిస్తూ లెక్కపెట్టాడు. "అబద్ధమే చెప్తుంది గని రోజూ ఒక్కతీరే చెప్తది. దీన్ని నమ్మచ్చు" అన్నాడు. గీత సంగతి అడిగితే, "గది మనకు కనవడ్తది, బొమ్మల కనవడది. ఎండకు ఎదురు వెట్టకపోతే సరి" అన్నాడు. వెంట తెచ్చిన కెమెరాకు బిగించి నాలుగు మూలల నుంచీ నాతోనే చూపించాడు. నాలుగు చోట్లా రంధ్రం గుండ్రంగా ఉంది. నేను ఓడిపోయినందుకు నాకే సంతోషమైంది.

ఆ ఆదివారం కోరుట్ల ఇంట్లో కెమెరా పెట్టాం. గోడకూ కెమెరాకూ మధ్య ఒక్క మనిషి పట్టేంత చోటు. నేను వాకిట్లో తెల్ల దుప్పటి పట్టుకుని లోపలికి వెలుతురు కొడుతున్నా. పెద్దబాపు నల్లబట్టలోకి పోయాడు. మామూలుగా నిమిషంలో బయటికి వచ్చే మనిషి రాడే. ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. చాటలో చేతులు ఆగిపోయాయి.

"ఏందయ్యా, గందులనే పండుకున్నవా?" అంది పెద్దమ్మ.

"ఆగు జర. ఇన్నేండ్లకు దొరికినవు" అన్నాడు లోపలి నుంచే.

అందరూ పకపకా నవ్వారు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన బయటికి వచ్చి కన్ను తుడుచుకుని, ఫిలిం పెట్టె దోపి, పలక లాగి, అందర్నీ ఊపిరి బిగబట్టమని మీట నొక్కాడు. చప్పుడు సరిగ్గానే వచ్చింది.

ఫిలిం కడిగితే నల్లగా బయటపడింది. ఒక్క ముఖం లేదు, గోడ కూడా లేదు, మొత్తం బొగ్గు. చూసేటప్పుడు తెరిచిన లెన్సు మూయకుండానే పలక లాగేశాడు పెద్దబాపు. "ముందుగాల మూత, తర్వాత పలక" అని నాకు వందసార్లు చెప్పిన మనిషి. నేను తప్పు చేస్తే రోజంతా దెప్పిన మనిషి. మరుసటి ఆదివారం ఆ ఫిలిం తీసుకుపోయి చేతిలో పెట్టాను, ఇక నా వంతు అనుకుంటూ. కిటికీ దగ్గరికి పట్టి చూశాడు, తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు.

"మూయలే నేను. చూసుకుంట చూసుకుంట మర్చేపోయిన."

"మళ్లా తీద్దాం, వచ్చే ఆదివారం" అన్నాను.

"తీద్దాం తియ్యి. లేకున్నా బాధ లేదు బిడ్డా. నేనైతే చూసిన. ఎనమండుగుర్ని. మీ పెద్దమ్మ మూలకున్నది గని మంచిగ తేటగ ఉన్నది."

దెప్పుదామని పోయినదాన్ని, పెద్దమ్మ పెట్టిన సర్వపిండి తిని వచ్చాను. ఆ గురువారమే ఫోన్ వచ్చింది.

దినాలు అయ్యాక పెద్దమ్మ మళ్లీ చాట ముందేసుకుంది. తడిపిన ఆకు ఎవరి కోసమూ ఆగదు కదా. నేను కెమెరా మాట ఎత్తలేదు, ఎత్తాలనీ లేదు. కెమెరా చూస్తే ఆమె ఏమైపోతుందో అని భయం. మొన్న ఆమే అడిగింది, ఆకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా. "గా ఫోటో తియ్యవా బిడ్డా? గంత తిరిగి తెస్తిరి గా లెన్సు."

ఎనిమిది మందీ ఎవరి చోట వాళ్లు కూర్చున్నారు. లెన్సు మూశాను, పలక లాగాను, మూసిన లెన్సు వైపు మళ్లీ ఒకసారి చూసుకుని నొక్కాను. సెకనున్నర నడిచింది. ఈసారి బొమ్మ వచ్చింది. నాలుగు మూలలూ తేటగా ఉన్నాయి, తలుపు పక్కన పెద్దమ్మ చేతిలో కత్తెర పిడికి చుట్టిన గుడ్డ పోగులు కూడా లెక్కపెట్టొచ్చు. ఏడుగురు లెన్సులోకి చూస్తున్నారు. పెద్దమ్మ చూడటం లేదు. నేను పొట్టిదాన్ని, కెమెరా వెనక నా తల కూడా కనపడదు. ఆమె చూపు కెమెరా పైన, మూరెడు ఎత్తున, ఆరడుగుల మనిషి నల్లబట్టలో నుంచి బయటికి వచ్చి తలెత్తితే ముఖం ఎక్కడ ఉంటుందో అక్కడ ఆగి ఉంది.