జాతరకు రాని చిన్నాయన

కొత్త జొన్నల వాసన తగిలితే చాలు, నాకు మా చిన్నాయన గుర్తొస్తాడు. ఆయన దేవుణ్ణి నమ్మడు. అందుకే నా చిన్నప్పుడు ఓ శివరాత్రికి కల్లంలోని జొన్నరాశికి ఆయన్ను కాపలా పెట్టి, మేమంతా ఝరాసంగం జాతరకు ఆటో ఎక్కాం. ఆ రాశి మా ఏడాది తిండి. ఆయనకు దేవుడి భయం లేదు కనుక నాకు ఆయన భయం పట్టుకుంది.

"నానమ్మా, చిన్నాయన జొన్నలు అమ్ముకుంటే ఎట్లనే?"

నానమ్మ నవ్వింది. "మనం తప్పు జేస్తే కొబ్బరికాయ కొట్టి మాఫీ అడుగుతం బిడ్డా. వానికి అడగనీకి ఎవరున్నరు? అందుకే జేయడు."

నాకు నమ్మకం కుదరలేదు. గుళ్లో చదువు అడగడం మాని, జొన్నలు చూసుకొమ్మని శివుణ్ణి వేడుకున్నాను.

తిరిగొచ్చేసరికి చిన్నాయన ఎండలో తువ్వాలతో పిట్టల్ని తోలుతున్నాడు. ఎవరైనా ముడితే తెలిసేలా రాశి చుట్టూ గీసిన బూడిద గీత చెదరలేదు.

"ప్రసాదం తెచ్చినవారా?" అని చెయ్యి చాపాడు.

చేతిలో పెట్టి, జొన్నలు కాపాడినందుకు మనసులో శివుడికి దండం పెట్టుకున్నాను. ఆ దండం ఎవరికి చెందాలో తోచడానికి నాకు మీసాలు రావాల్సి వచ్చింది.