పడేసిందెవలు సార్?

నా చిన్నప్పుడు మా బొగ్గుబాయి, అంటే బొగ్గుగని, కాలనీలో మాట ఏనాడూ తిన్నగా నడవలేదు. గోదావరిఖని వైపు వాళ్ళకు పని ముందు, మనిషి వెనక. "పోయిండా డ్యూటీకి మీ బాపు?" అని పలకరించేవాళ్ళు. ఇంట్లో ఇలా మాట్లాడుకుని, బడిలో కర్త ఏది, క్రియ ఏది అంటే నేను నోరెళ్ళబెట్టేదాన్ని. వాక్యంలో మొదట ఎవరు కనబడితే వాళ్ళే కర్త అని చెప్పి మొట్టికాయలు తినేదాన్ని.

పంతులమ్మ కావాలని చదువుకుంటున్న పక్కింటి అక్క నన్ను చూసి జాలిపడింది. పొద్దున్నే వాకిట్లో బొగ్గుల పొయ్యి అంటిస్తూ ఓ వాక్యం విసిరింది. "మా బాపును కుట్టింది పొద్దుగాల్నే పొయ్యికాడ చీమ." కుట్టిందెవరంటే, వాళ్ళ బాపు అన్నాను. అక్క పొగలో దగ్గుతూ పడీపడీ నవ్వింది. "ఓ పిచ్చిదానా, మా బాపు చీమను కుట్టిండా? ముందుగాల పనిని పట్టుకో. గా పనినే అడుగు, నిన్ను చేసిందెవలని. ముందల నిలవడ్డోళ్ళంత చేసినోళ్ళు గాదు." ఆ తర్వాత ఎన్ని వంకర వాక్యాలు విసిరినా నేను తడబడలేదు.

ఆ ఏడే ఒక మధ్యాహ్నం బడిలో గోడ గడియారం ధడేల్మని పడి పగిలింది. దాని కింది బెంచీలో కూర్చున్నది నేను. పెద్దసారు పరుగున వచ్చి గాజు పెంకులు చూశాడు, నన్ను చూశాడు. "ఈ పిల్ల కూర్చున్న చోట, ఈ పిల్ల నెత్తిమీదున్న గడియారం పగిలింది. రేపు మీ నాయనను తీసుకురా" అన్నాడు. బడి నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా చదువు బంద్, ఇంట్లో తమ్ముణ్ణి ఆడించుకుంటూ కూర్చోవాలని మా బాపు ముందే చెప్పి ఉన్నాడు.

ఏడవబోయాను. అంతలో అక్క చీమ గుర్తొచ్చింది. సారు మాటలో ముందర నిలబడ్డది నేనే, సరే. కానీ పడ్డది గడియారం. దాన్ని పడేసిందెవరు? ఏడుపు పోయి కోపమొచ్చింది. లేచి నిలబడ్డాను. "నేను కూసున్న, గంతే సార్. పడేసిందెవలు?" అన్నాను. "నోరు లేస్తుందే!" అన్నాడు సారు. లేవదా మరి! చెయ్యని పనికి నా చదువు పోతుంటే!

ఇంటికి పోతూ అదే ఆలోచించాను. నేను పడేయలేదు, పక్క పిల్లా పడేయలేదు. మరి ఆ వేళకు ఇంకేం జరిగింది? అప్పుడు తట్టింది. రోజూ ఆ వేళకే పక్క గనిలో బ్లాస్టింగ్ చేస్తారు. గోడలు అదురుతాయి, మేకులు వదులవుతాయి, గిన్నెలు గలగలమంటాయి. పుట్టినప్పటి నుంచి విన్న చప్పుడు కాబట్టి మాకెవరికీ అది చెవికెక్కదు.

మర్నాడు మధ్యాహ్నం, నైట్ షిఫ్టు చేసి నిద్రపోవాల్సిన మా బాపు ఎర్రటి కళ్ళతో బడికి వచ్చాడు. సారు మళ్ళీ నన్నే ముందర పెట్టి మొదలుపెట్టాడు. "జెర ఆగుండ్రి సార్, బ్లాస్టింగ్ టైమైంది. గోడ దిక్కు చూడుండ్రి" అన్నాను. మా బాపు గుడ్లురిమాడు. సైరన్ మోగింది. ధన్‌మని నేల అదిరింది. గోడమీది పటం ఊగింది, బల్లమీది సుద్దముక్క దొర్లి సారు చెప్పుల దగ్గర పడింది.

"గిది పడేసిందెవలు సార్? నేను ఈడ నిలవడ్డ" అన్నాను.

సారు తప్పయిందని అనలేదు. అనకపోతే పీడాపాయె! కొత్త గడియారానికి మాత్రం మేకుతోపాటు తాడు కూడా కట్టించాడు. మా బాపు నన్ను వెంటబెట్టుకుని ఇంటికి నడిచాడు. వాకిట్లోకి వచ్చాక మా అమ్మతో అన్నాడు. "పోతది బడికి నా బిడ్డ. ఆపేదెవలు?"

ఇప్పుడు నాకు మనవలున్నారు. మొన్న ఒక ఆఫీసులో, "మీ దరఖాస్తు పోయిందమ్మా" అన్నాడు కిటికీ అవతలి పిల్లగాడు. "కాళ్ళొచ్చి పోయిందా బిడ్డా? పోగొట్టిందెవలు?" అన్నాను. ముందు కూర్చోమని కుర్చీ చూపించాడు. కూర్చోలేదు. ఆ మాట నిలబడి అడగడమే నాకలవాటు.