అవతలి ఆమేన్
కరీంనగర్‌లో అంబులెన్సు నడిపే స్టీఫెన్ పచ్చ లైటును నమ్మడు. బండిలో బిగించిన డబ్బా దూరం నుంచే సిగ్నల్ స్తంభానికి వైర్‌లెస్‌లో కబురు పంపుతుంది. బండి కూడలి చేరేసరికి పచ్చ పడుతుంది. ఏడాదిగా ఒక్కసారీ తప్పలేదు. అయినా అతడు బ్రేకు మీద కాలుంచి, సన్నటి మెడ సాచి, అడ్డరోడ్డులో వచ్చే మోటారు సైకిళ్ల వాళ్ల చెప్పుల వంక చూస్తాడు. ఒక్కరైనా కాలు నేలకు ఆనించాకే కదులుతాడు. “ప్రార్థన మనమే చేసుకుంటే సరిపోతదా? అవతల నుంచి ఆమేన్ రావాలె గద,” అంటాడు.

మొన్న వానలో, వెనక కైలాసం ఊపిరాడక ఎగరొప్పుతున్నాడు. అతని భార్య నర్సవ్వ ముందు సీట్లో ఉంది. పచ్చ పడింది. కానీ చెడిపోయి ఆగిన గ్రానైటు లారీ ఒకటి ఎడమ రోడ్డు కనపడకుండా పూర్తిగా కప్పేసింది. స్టీఫెన్ బండి ఆపాడు.

“పచ్చ పడ్డది గద కొడుకా, జల్ది పోనియ్యి!”

“మనకు పడ్డదవ్వా. వాళ్లకు ఎర్ర పడ్డదో లేదో కానొస్తలేదు.”

“నువ్వు గిట్ల అనుమానపడుకుంట కూసుంటే నా ముసలోడు బతుకుతడా?” అంటూ ఆమె తలుపు తీసుకుని దిగింది. లారీని దాటి వెళ్లి, రెండు చేతులూ చాచి అరిచింది. “అందరు ఆగిండ్రు, రా!”

స్టీఫెన్ వెంటనే బండి కదిలించాడు. అవతల ఆమెను ఎక్కించుకుంటూ, “ఎర్ర మంచిగ చూసినవా అవ్వా?” అని అడిగాడు.

నర్సవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. “నాకేడ కానొస్తది కొడుకా, రెండు కండ్లల్ల పొరలాయె. అందుకే రోడ్డు నడుమ నిలబడ్డ.”