బాపు గడియారం మీద పడ్డ నింద

పాత గడియారాలు కొనే ఒకాయన కరీంనగర్‌లోని మా ఇంటికి వచ్చి, మా కుర్చీలోనే కూర్చుని, చనిపోయిన మా బాపును దొంగ అన్నంత పని చేసి వెళ్లాడు.

గడియారం అమ్మాలని నేను అనుకోలేదు. బాపు పోయాక అది బీరువాలోనే ఉంది. మా బడిలో తోటి టీచరు దాన్ని చూసి, ఇలాంటి పాత స్విస్ గడియారాలను ఇప్పుడు వెతికి మరీ కొంటున్నారని చెప్పింది. అసలుదో కాదో తెలుసుకుందామని, ఆమె ఇచ్చిన నంబరుకు, ఆ కొనే ఆయనకు ఫోటో పంపాను. కొండగట్టు దర్శనానికి హైదరాబాద్ నుంచి వస్తూ దారిలో మా ఇంట్లో దిగాడు.

వెనక మూత తీసి, కంటికి భూతద్దం బిగించి చాలాసేపు చూశాడు.

“మిషన్ మంచిదే మేడమ్. డయల్ మాత్రం కంపెనీది కాదు. ఎవరో మళ్లీ రంగు వేసి అంకెలు రాశారు. ఇంతకీ మీ నాన్నగారు ఏం చేసేవారు?”

“భైంసాల పత్తి జిన్నింగ్ మిల్లుల పనిచేసిండు.”

ఆయన నవ్వాడు. “మిల్లు కూలీ చేతికి ఇలాంటి వాచీ ఎలా వచ్చింది? కాగితాలున్నాయా? లేకపోతే రెండే మాటలు. ఇది అతుకుల వాచీ అయినా కావాలి, ఎక్కడో చేతులు మారి వచ్చిందైనా కావాలి.”

‘చేతులు మారి’ అంటే ఏమిటో నాకు తెలియదా! ముప్పై ఏళ్లుగా పిల్లలకు తెలుగు చెబుతున్నదాన్ని. గడియారం లాక్కుని లోపలికి పోయాను.

అది ఎలా వచ్చిందో నాకు బాగా తెలుసు. మిల్లు ఆఫీసు గోడకు ఒక గడియారం ఉండేది. పత్తి కాలంలో మధ్యాహ్నం దాటాక దాని ముల్లును అరగంట వెనక్కి తిప్పేవారు. చలికాలం, పొద్దు గుంకగానే మసీదులో ఇచ్చే మగ్రిబ్ అజాన్ అయిపోయేది, గోడ మీద మాత్రం ఇంకా ఐదున్నరే. ఆరింటికి వదలాల్సిన కూలీలను అలా ఆరున్నర దాకా పనిచేయించేవారు. అడుగుదామంటే ఎవరి చేతికీ గడియారం లేదు.

అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుట్టేది. ఆమె తమ్ముడు మస్కట్‌లో కూలి పని. సెలవు మీద వచ్చేముందు ఏం తేవాలని ఉత్తరం రాశాడు. చదువురాని అవ్వ నాతో జవాబు రాయించింది. “నాకు బంగారం వద్దు, చీర వద్దు. మీ బావకు ఒక్క గడియారం తే. గా గడియారం అబద్ధం చెప్పొద్దు.”

మామ అక్కడి పాత సామాన్ల దుకాణంలో కొని తెచ్చాడు. కాగితం అడగాలని ఆయనకేం తెలుసు?

బాపు దాన్ని కట్టుకుని, రోజూ అందులో ఆరు కాగానే తన మిషన్ ఆపేసేవాడు. అది చూసి మిగతావాళ్లూ ఆపసాగారు. పత్తి కాలం ముగియకముందే బాపు పని పోయింది. మేం కరీంనగర్ వచ్చేశాం. ఇంతవరకే నాకు తెలుసు. డయల్ సంగతి తెలియదు. మామను ఎవరైనా మోసం చేశారా అన్న అనుమానం నన్ను నిద్రపోనివ్వలేదు. ఆదివారం భైంసా బస్సెక్కాను.

అక్కడ గడియారాలు బాగుచేసే పాత దుకాణం ఒక్కటే, అది ఇంకా ఉంది. అప్పట్లో నడిపినాయన లేడు, ఆయన కొడుకున్నాడు. డెబ్బై దాటిన మనిషి. మూత తీయగానే ఆయన ముఖం వెలిగింది.

“బిడ్డా, గిది మా అబ్బా, మా నాయిన చేతిపని. ఏ గడియారం బాగుచేసినా మూత లోపల సూదితోని గిట్ల ఉర్దూ అంకెలు గీసేటోడు.”

“మరి డయల్ ఎవరు మార్చిండ్రు చాచా?”

ఆయన నన్ను పరీక్షగా చూశాడు. “నువ్వు మిల్లుల పనిచేసినాయన బిడ్డవా? మార్చలే బిడ్డా. గా దినం మీ బాపు చేతికి తువ్వాల సుట్టుకొని వచ్చిండు, నెత్తురు కారుతుండె. మేస్త్రి చెయ్యి గుంజి ఇనుప కంబానికేసి కొట్టిండట. అద్దం పలిగింది, అంకెలన్ని గీసుకపోయినయి. లోపటి మిషన్‌కేం కాలే. అసొంటి డయల్ యాడ దొరుకుతది? మా అబ్బానే రంగేసి, సన్న కుంచెతోని అంకెలు రాసిండు. నేను పక్కన్నే కూసున్న.”

బాపు ఆ రోజు బావి గట్టు మీద జారిపడ్డానని మాతో అన్నాడు. నేను నమ్మాను. పదేళ్ల పిల్లను, చేతికి పసుపు కూడా పెట్టాను. ఆ దుకాణం స్టూలు మీద కూర్చుని, ఎప్పుడూ చూడని ఆ మేస్త్రి మీద పళ్లు కొరికాను. హైదరాబాద్ ఆయన కన్ను తప్పు చూడలేదు. డయల్ కంపెనీది కాదు, నిజమే. కానీ అక్కడినుంచి ఆయన నేరుగా దొంగతనం దాకా పోయాడు. కూలీ చేతికి మంచి వస్తువు న్యాయంగా రాదని ఆయనకు ఎవరు నేర్పారు?

చాచా తన దుకాణం కాగితం మీద జరిగింది రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. దాని ఫోటో తీసి హైదరాబాద్ ఆయనకు పంపాను. గంటలోపే ఫోన్.

“మేడమ్, అద్భుతమైన కథ! ఇలా చరిత్ర ఉన్న వాచీలను కొనేవాళ్లు వేరే ఉంటారు. మీరు కూడా ఇదంతా రాసివ్వండి. కొట్టిన సంగతి మాత్రం తప్పకుండా రాయండి. నేనే తీసుకుంటాను.”

“మొన్న మా బాపును దొంగ లెక్క చేసిండ్రు. ముందుగాల గా మాట వాపస్ తీసుకోండ్రి.”

“నేను అలా అనలేదే. కాగితాలు అడిగానంతే. వ్యాపారంలో మామూలే.”

“మొన్న మీ చేతికున్న గడియారానికి కాగితం ఉన్నదా?”

“అది వేరు మేడమ్.”

“ఏం వేరు?”

ఫోన్ పెట్టేశాను.

తర్వాత రెండుసార్లు మెసేజ్ పెట్టాడు, రెండోసారి ధర పెంచుతూ. తప్పయిందన్న ఒక్క మాట మాత్రం రెండింట్లోనూ లేదు.