చెల్లని పేరు సంగతి చెప్పడానికి జగ్గయ్యపేట దాకా

సముద్రపు ఆల్చిప్పను విప్పితే ఒక్కోసారి లోపల బఠానీ గింజంత పీత కనిపిస్తుంది. ఆల్చిప్ప తిండిలోనే వాటా తీసుకుంటూ బతుకుతుందది. అలాంటి పీతలను జాతులుగా విడదీయడం నా పని. బందరులో ఒక కాలేజీలో జువాలజీ చెబుతాను. ఎనిమిదేళ్ళ క్రితం వాటిలో ఒకటి కొత్త జాతి అనుకుని, నాకు ఆల్చిప్పలు తెచ్చిపెట్టిన జాలరి యోహాను పేరు పెట్టాను. అంతకు ముందు ఏడాదే ఆయన వేటకెళ్ళి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఈ మధ్య డీఎన్ఏ పరీక్ష చేయిస్తే అది కొత్త జాతి కాదని తేలింది. ఎప్పుడో పేరు పెట్టిన ఒక మెత్తటి ఆడపీతకు ఇది మగది, అంతే. మగది చిన్నగా, గట్టి డొప్పతో వేరే జాతిలా ఉంటుంది. నాకు దొరికినవన్నీ మగవే కావడంతో పొరబడ్డాను. ఇలాంటప్పుడు ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. ఇది అచ్చులో రాకముందే యోహాను కూతురు సువార్తకు నేనే చెప్పాలని బయలుదేరాను.

రెండో శనివారం ఉదయం ఆరింటికి బందరులో ఎక్కితే ఎనిమిదిన్నరకు విజయవాడ చేరాను. అక్కడ హైదరాబాదు బస్సు పట్టుకున్నాను. నందిగామలో కాసేపు ఆగినప్పుడు టీ తాగుతూ, ఎలా మొదలుపెట్టాలో నాలుగు రకాలుగా అనుకుని చూశాను. ఏదీ బాగోలేదు. నందిగామ దాటాక ముసురు పట్టింది. పత్తి చేలు తడిసి నల్లగా ఉన్నాయి. ఈ బస్సులు జగ్గయ్యపేట ఊళ్ళోకి వెళ్ళవు. చిల్లకల్లులో దిగి, ఇరవై రూపాయలిచ్చి షేర్ ఆటో ఎక్కాలి.

"ఏం పని మీదొచ్చారండి?" అన్నాడు ఆటో నడిపే మస్తాన్.

"సముద్రపు పీతల పని."

"పీతల కోసం ఇంత దూరమా! ఇక్కడ సిమెంటు దుమ్ము తప్ప ఏముందండీ?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

సువార్త ఇక్కడి బళ్ళో టీచరు. ఆటో దిగి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. "నాన్న పోయాక, సముద్రం కనపడని ఊరెళ్ళిపోదాం అంది అమ్మ. అందుకే ఇక్కడ ఉద్యోగం చూసుకున్నా సార్," అంది. గోడ మీద యోహాను ఫొటో, దాని కింద ఫ్రేములో నా వ్యాసం మొదటి పేజీ. వాళ్ళమ్మ చేపల పులుసుతో అన్నం పెడితే, చెప్పడం వాయిదా వేసుకుంటూ తిన్నాను. ఆవిడ గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాక చెప్పాను.

"అయితే నాన్న పేరు తీసేస్తారా?"

"పూర్తిగా పోదమ్మా. అసలు పేరు కింద, చెల్లని పేర్లలో రాస్తారు."

"చెల్లని," అంది మెల్లగా. "సమాధుల పండక్కి అందరూ వెళ్ళి కొవ్వొత్తులు పెట్టుకుంటారండి. మాకు సమాధి లేదుగా. ఆ కాగితం ముందే వెలిగిస్తాం," అంది.

"తప్పు నాదేనమ్మా."

"మీదేనండి." ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

వాళ్ళమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆయన పీత సంగతేనా బాబూ? ఇంకా ఉన్నాయా అవి?"

సువార్త తలెత్తలేదు.

"ఉన్నాయమ్మా. చాలా ఉన్నాయి," అన్నాను.

ఆవిడ ముఖం తేటపడింది. గేటు దాకా వచ్చిన సువార్త మాత్రం, "అమ్మకి నేను చెప్పను. అచ్చయ్యాక ఆ కొత్త కాగితం మాకు పంపకండి సార్," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వ్యాసం ఈ వారమే పత్రికకు పంపాను. అందులో ఉన్నదంతా నిజం. పంపకుండా ఉండలేను కూడా. కానీ నా తొందరపాటు ముందు ఒక ఇంట్లో ఎనిమిదేళ్ళు కొవ్వొత్తులు వెలిగాయి. ఇక ముందు ఏ జీవికీ మనిషి పేరు పెట్టను. ఇటు వెళ్ళేవాళ్ళకు ఒక మాట: చిల్లకల్లులో సాయంత్రం విజయవాడ బస్సులు దొరుకుతాయి గానీ నిలబడే రావాలి, నాలుగు లోపే బయలుదేరండి. నాలాంటి కబురు మోసుకెళ్తుంటే మాత్రం, వాళ్ళ అన్నం తినకముందే చెప్పేయండి.