గడ్డకట్టని అనాస జెల్లీ

ఆసుపత్రి వంటగదిలో ఆవిడను అందరూ వంటమ్మ అనే పిలిచేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో కూరలు తరగడానికి చేరి, జుట్టు నెరిసేనాటికి పెద్ద పొయ్యి దగ్గరికి వచ్చింది. ఒకరికి ఉప్పు లేని సూపు, ఒకరికి చక్కెర లేని జావ, పళ్ళు లేనివాళ్ళకు మెత్తగా చిదిమిన కూర. ఉడికిందే ఒంటికి పడుతుందన్నది ఆవిడ నమ్మకం. ఆ నమ్మకానికి ఎసరు పెట్టింది ఆడపడుచు.

ఆడపడుచంటే మొగుడి అక్క. ఏదో ఆరోగ్య శిబిరానికి వెళ్ళి, అటునుంచి అటే వీళ్ళింట్లో దిగింది. వేడి వేడి పళ్ళెం ముందు పెడితే పక్కకు నెట్టేసింది.

"పొయ్యెక్కినదేదీ నేను ముట్టను. పచ్చి కూరల్లో, పళ్ళల్లో ఎంజైములుంటాయి. తిన్నది అరగాలంటే అవి కావాలి. నిప్పు తగిలిందా, చచ్చూరుకుంటాయి."

"ఎంజైములంటే పురుగులా వదినా?"

"పురుగులేమిటే పిచ్చిమొహమా! కంటికి కనపడని కత్తెరలనుకో. తిన్నదాన్ని ముక్కలు ముక్కలు చేస్తాయి. నువ్వేమో ఇన్నేళ్ళుగా గుండిగలకు గుండిగలు వాటిని చంపి రోగులకు పెడుతున్నావు."

"నన్నూ అలాగే చంపుతోందక్కా, చూడు ఎలా చిక్కిపోయానో" అంటూ మొగుడు బానపొట్ట నిమురుకున్నాడు. వంటమ్మకు నవ్వు రాలేదు. వదిన మాట ముల్లులా దిగబడిపోయింది.

మర్నాటి నుంచి తనూ పచ్చివే మొదలుపెట్టింది. క్యాబేజీ, క్యారెట్, నానిన గింజలు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, సాయంత్రానికి కడుపు డోలులా ఉబ్బింది. అవే తిన్న వదిన మాత్రం కడిగిన ముత్యంలా తిరుగుతోంది. ఒకే పళ్ళెం, ఒకరికి అమృతం, ఒకరికి ఆపసోపాలు. ఇదెక్కడి న్యాయం?

తన కడుపు సంగతెలా ఉన్నా, రోగుల సంగతి ఆవిడను పీకుతూనే ఉంది. మెత్తటి తిండి తినేవాళ్ళ కోసం రోజూ చేసే జెల్లీలో ఆ రోజు పచ్చి అనాస ముక్కలు సన్నగా తరిగి కలిపింది. పాపం, వాళ్ళకూ నాలుగు కత్తెరలు అందనీ అనుకుంది.

పొద్దున ఫ్రిజ్ తీస్తే జెల్లీ కాస్తా నీళ్ళలా ఊగుతోంది. పొడి పాతదేమోనని కొత్త ప్యాకెట్ విప్పి మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. పక్కన అనాస వేయని పళ్ళెంలో మాత్రం జెల్లీ చక్కగా బిగుసుకుని కూర్చుంది. ఎవరి దిష్టి తగిలిందో తెలియక నిలబడి ఉంటే, ఆసుపత్రి డైటీషియన్ వచ్చింది.

"పచ్చి అనాస వేశారా అమ్మా? అందులో ఉండే ఎంజైము జెల్లీని గట్టిపడనివ్వదు. గట్టిపడేది ప్రోటీన్ వల్ల కదా, దాన్ని కోసేస్తుంది. ముక్కలు ఉడికించి వేయండి, గడ్డకడుతుంది."

"అయితే నిప్పు తగిలితే ఎంజైములు చస్తాయని, అవి లేకపోతే తిన్నది అరగదని మా వదిన చెప్పింది నిజమే!"

"వేడికి అవి పాడవుతాయి, అంతవరకు నిజం. కానీ మన తిండి అరగడానికి కావలసిన ఎంజైములు మన ఒళ్ళే తయారుచేసుకుంటుంది. తిండితో లోపలికెళ్ళినవి చాలావరకు మిగతా తిండిలాగే అరిగిపోతాయి."

"కత్తెరల్నే కత్తిరిస్తుందా పొట్ట! మరి చివరి గదిలో పెద్దాయనకు భోజనంతో ఇచ్చేవి ఎంజైము మాత్రలే కదా మేడమ్? నర్సమ్మ చెప్పింది."

"ఎంజైములు తయారుచేసే క్లోమం ఆయనకు పాడైంది, ఒంట్లో సరిపడా తయారవవు. ఆ మందుకు పొట్టలో కరగని పూత ఉంటుంది, పేగుల్లోకి వెళ్ళాకే విడుతుంది."

"మరి పచ్చి క్యాబేజీ తింటే నాకు కడుపు ఉబ్బింది, అదే తిన్న మా వదినకు అంత హాయిగా ఎలా ఉంది?"

"ఇదివరకు ఏం తినేవారు?"

"వేపుళ్ళు. మూడు పూటలా."

"అవి మానేయడం వల్లేమో. మనిషిని చూడకుండా నేనెలా చెప్పను? మీరైతే ముందు ఆ పచ్చి క్యాబేజీ ఆపండి."

అవునంటే కొంత అవును, కాదంటే కొంత కాదు. వంటమ్మ తల గిర్రున తిరిగింది. అయినా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. అనాస ముక్కలు ఉడికించి వేస్తే జెల్లీ గట్టిపడింది. గిన్నెలన్నీ ఖాళీగా తిరిగొచ్చాయి.

ఇంటికొచ్చి విన్నదంతా వదినకు చెప్పబోయింది. పూత దగ్గర మొదలుపెట్టి, క్లోమం దగ్గర తడబడి, క్యాబేజీలో ఇరుక్కుపోయింది.

"చూశావా, ఎంజైములున్నాయని వాళ్ళే ఒప్పుకున్నారు!" అంది వదిన.

"ఉన్నాయి వదినా. కాకపోతే..." అంటూ పొయ్యి వైపు తిరిగింది. వేడి సూపు పోసుకుని తాగింది. నాలుగు రోజుల్లో కడుపు కుదుటపడింది.

ఆ పైవారం ముసురు పట్టింది. వదిన శాలువా కప్పుకుని వంటగది గుమ్మంలోకి వచ్చింది.

"ఆ సూపు... మరీ మరగకుండా, గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదేమోనే?"

వంటమ్మ గిన్నె పొయ్యి మీద పెట్టింది. ఎంత వేడికి ఎంజైము చస్తుందో ఇద్దరికీ తెలియదు. ఆవిరి లేచాక చిన్న గిన్నెలో పోసి ఇచ్చింది. వదిన ఊదుకుంటూ తాగింది.