రేకుకు అవతలి అంకెలు

ఈ ఉదయం గ్యాస్ సిలిండరు తెచ్చిన మనిషి గేటు దగ్గర నిలబడి, "అమ్మా, ఫోన్‌ల నంబర్ వందిరుక్కుం, సొల్లుంగ" అంటూ ఫోనుకు వచ్చిన నంబరు చెప్పమన్నాడు. కళ్లజోడు వెతుక్కుని, ఫోను దూరంగా పట్టుకుని, ఒక్కో అంకెనూ గట్టిగా, విడివిడిగా చదివాను. అతను వినకుండా నా మొహం వంకే చూస్తున్నాడు. "తమిళ్‌ల సొల్లుంగమ్మా" అని నవ్వాక గానీ నేను తెలుగులో చదువుతున్నానని నాకే తెలియలేదు. పెళ్లయినప్పటి నుంచీ తమిళనాట ఈ ధర్మపురిలోనే కాపురం. గడప దాటితే నా నోట తమిళం తప్ప రాదు. అయినా ఫోనులో వచ్చే అంకెలను మాత్రం తెలుగులోనే చదువుతాను. ఆ అలవాటు మా బావగారిది, అంటే మావారి అన్నగారిది. ఆయన నాకు నేర్పలేదు. నేను విని నేర్చుకున్నాను.

మా అత్తవారిది చింతపండు మండీ. అన్నదమ్ములిద్దరూ చాలా ఏళ్లు ఒకే గద్దె మీద కూర్చున్నారు. సరుకు చూసేది బావగారు, బేరం మాట్లాడేది మావారు. బావగారు గుప్పెడు పండు చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, ఆయన మొహం చూసి మావారు ధర చెప్పేసేవారు. ఇద్దరి మధ్యా మాట అవసరమే ఉండేది కాదు. అందుకేనేమో, మాట అవసరమైన రోజున ఇద్దరికీ అది చేతకాలేదు.

కంప్యూటరు తెచ్చింది మావారు. బావగారు దానికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ తరువాత దాని జోలికి పోలేదు. చింతపండు కొట్టులో ఏ వస్తువూ శుభ్రంగా ఉండదు. వేళ్లకున్న జిగురు మీటలకు అంటుకుని, ఒకసారి నొక్కితే ఒకే అక్షరం వరసగా పడిపోయేది. మావారు సరుకు కట్టే ప్లాస్టిక్ కవరు ఒకటి కత్తిరించి మీటల మీద పరిచి, చుట్టూ టేపు వేశారు. అక్షరాలు మసకగా కనబడేవి, కానీ అంటుకునేవి కావు. ఇక బిల్లుల సాఫ్ట్‌వేరుకు దాని వేళలు దానికుండేవి. సంత రోజున, కొట్టు నిండా జనం ఉన్నప్పుడే, తెర మీద ఒక చక్రం తిరుగుతూ కూర్చునేది. అలాంటి ఒక రోజున కొన్నవాళ్లు విసుక్కుంటూ ఉంటే బావగారు చేత్తో చీటీలు రాసిచ్చి అందరినీ పంపేశారు. మావారికి అది తలవంపులైంది. "అట్లయితే నాకేం పని ఉండాది ఇక్కడ?" అన్నారు. బావగారు తలెత్తకుండా, "నీకు ఆ పెట్టె ఉంది కదరా. అన్న ఎందుకు నీకు?" అన్నారు. అదీ తమిళంలో అన్నారు; మూటలు మోసేవాళ్లందరూ విన్నారు. మావారు గద్దె మీద నుంచి లేచి ఇంటికి వచ్చేశారు. ఇంట్లో అని ఉంటే అన్నం వేళకు మరిచిపోయేవారు.

వారం తిరగకుండా కొట్టు మధ్యలో అడ్డుగోడగా రేకు లేచింది. ఒకవైపు బావగారు కొత్త పేరుతో వ్యాపారం పెట్టుకున్నారు. పాత పేరూ, కంప్యూటరూ మాకు వచ్చాయి. లెక్కలన్నీ తేలిపోయాయనుకున్నారు గానీ, ఒకటి మిగిలిపోయింది. పన్నుకు పేరు నమోదు చేసినప్పుడు, పెద్దవాడి ఫోను నంబరే ఇవ్వాలని మావారే పట్టుబట్టి రాయించారు. నెలనెలా లెక్క పంపేటప్పుడు చివర ఆరంకెల నంబరు ఒకటి వస్తుంది. అది కొడితేనే పని పూర్తవుతుంది. ఆ నంబరు వచ్చేది బావగారి ఫోనుకు.

లెక్క పంపే పని నాది. కామర్సు చదివిన కోడలని మా అత్తగారు ఊరంతా చెప్పుకున్నారు కాబట్టి తప్పించుకునే దారి లేదు. అసలు గండం పాస్‌వర్డు. పెద్దక్షరం ఉండాలి, అంకె ఉండాలి, గుర్తు ఉండాలి, కొన్నాళ్లకొకసారి మార్చాలి, పాతది మళ్లీ పెట్టకూడదు. దీనికి నేనొక ఉపాయం కనిపెట్టాను. మాకు సరుకు వచ్చే ఊళ్ల పేర్లే బస్సు వెళ్లే వరసలో పెడుతూ పోయాను. మరిచిపోతే మనసులోనే బస్సెక్కి, ఏ ఊరు దాటామో చూసుకునేదాన్ని. చిక్కల్లా స్పెల్లింగుతోనే. అదియమాన్‌కోట్టై పెట్టిన కాలంలో ఎన్ని టీలు పెట్టానో గుర్తురాక, మూడుసార్లు తప్పు కొడితే సైటు తలుపు మూసేసింది. బస్టాండుకు పోయి బోర్డు చూసి వస్తే, అక్కడ రెండు బస్సుల మీద రెండు రకాలుగా రాసి ఉంది.

రేకు లేచాక మొదటి నెల, అన్నీ నింపి చివరికొచ్చి ఆగిపోయాను. బావగారి ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు మా ఇళ్లలో కోడళ్లకు లేదు. ఆయన వస్తుంటే లేచి పక్కకు తప్పుకోవడమే నాకు తెలుసు. మావారి వంక చూశాను. ఆయన రేకు వైపు తిరిగి, ఎవరితోనో అన్నట్టు, "నంబరు వచ్చింటే చెప్పమను" అన్నారు.

అవతల కుర్చీ కిర్రుమంది. "ఇంకా రాలేదు, వస్తే చెప్తానని చెప్పు" అని రేకుకే జవాబు వచ్చింది. కాసేపటికి, "రెండు... ఏడు... ఏడు... సున్న..." అని ఒక్కో అంకే వినబడింది. మూటలవాళ్లకు అర్థం కాకూడదని తెలుగులో చదివారు. చదవడం అయ్యాక, "ఎక్కిందా లేదా అడుగు" అన్నారు. "ఎక్కిందని చెప్పు" అన్నారు మావారు. ఎవరు ఎవరిని అడగాలో, ఎవరికి చెప్పాలో తెలియక నేను మీటల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను.

అలా ఏళ్లు గడిచాయి. నెలకొకసారి ఆ నాలుగు మాటలు. మొదట్లో అంకెలు మాత్రమే. తరువాత తరువాత, "జలుబు చేసినట్టుంది, మిరియాల రసం తాగమను" అని అవతలి నుంచి వచ్చేది. "సరుకు తడి ఉండాది, ఎండబెట్టి కొనమను" అని ఇవతలి నుంచి పోయేది. మా తోటికోడలిని నేను అక్కా అనే పిలుస్తాను. మా ఇద్దరికీ మాటలెప్పుడూ ఆగలేదు. ఒకసారి పాల దుకాణం దగ్గర నా చేయి పట్టుకుని, "ఆ నంబరు మార్చొద్దే. లెక్క కట్టే పొద్దు మీ బావ తెల్లవారినప్పట్నించి ఫోను చేతిలోనే పెట్టుకుంటాడు. నన్ను కూడా ముట్టనియ్యడు" అంది. మార్చే ఆలోచన అప్పటికి నాకూ లేదు.

ఒక ఏడు బావగారు వత్తల్‌మలై కొండ మీదికి చింతచెట్ల కాపు చూడటానికి పోయారు. అక్కడ ఫోను అందదు. మా లెక్కకు గడువు ఆ రోజే. మావారు సాయంత్రం వరకూ రేకు వంక చూసుకుంటూ అటూ ఇటూ తిరిగారు. సైటు నంబరు పంపింది, దాని వేళ దాటింది; మళ్లీ పంపమన్నాను, మళ్లీ దాటిపోయింది. గడువు తప్పింది. మరునాడు ఆడిటరు, "ఎందుకండీ ఈ తిప్పలు? కాగితాలు నేను పెడతాను, నంబరు మార్చేద్దాం" అన్నాడు. మావారు ఒక నిమిషం ఊరుకుని, "సరే, మార్చేయండి" అన్నారు. ఆ ఒక్క నిమిషంలో నేనేమైనా అనగలిగేదాన్నే. పరాయి మనిషి ముందు, అన్నదమ్ములు మాట్లాడుకోవడానికి పన్ను లెక్క కావాలని ఎలా చెప్పను?

తరువాతి నెల నంబరు మావారి చొక్కా జేబులోనే మోగింది. పని చిటికెలో అయిపోయింది. మావారు లేచి టీకి వెళ్లిపోయారు. మధ్యాహ్నం దాటాక అవతల కుర్చీ కిర్రుమంది. దగ్గు వినబడింది. "ఏం, ఈ మాసం లెక్క కట్టలేదా? అడుగు" అన్నారు బావగారు. అడగడానికి ఇవతల నేను తప్ప ఎవరూ లేరు. ఆయన మళ్లీ, "గడువు దాటిపోతుందేమో, చూసుకోమను" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. రేకు అడ్డం ఉన్నా కొంగు సర్దుకున్నాను. "కట్టేసినాం బావా. నంబరు మార్చేసినారు" అన్నాను. నా గొంతు ఆయన తిన్నగా వినడం అదే మొదలు.

అవతల కుర్చీ మళ్లీ కిర్రుమంది. ఆ తరువాత, "మంచిదమ్మా. పని సులభమాయె" అన్నారు.

మావారికి ఆ సంగతి చెప్పాను. వచ్చే నెల ఏదో ఒక సాకుతో పలకరిస్తానన్నారు. సాకు దొరకలేదు. బావగారికి మోకాళ్ల నొప్పులు ఎక్కువై, ఆ ఏడాదిలోపే కొట్టు ఎత్తేసి, కంబైనల్లూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. కంబైనల్లూరు ఎంతో దూరం కాదు. కానీ మాట్లాడకుండా ఉండటానికి అలవాటుపడ్డ మనిషికి అదీ దూరమే. మావారు ఎండలు తగ్గనీ అన్నారు, సరుకు దిగనీ అన్నారు. చివరికి బయలుదేరేసరికి కొన్నేళ్లు అయ్యాయి.

బావగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. తమ్ముణ్ని చూడగానే లేవబోయి, లేవలేక, పక్కన చోటు చూపించారు. అక్కా నేనూ గడప లోపలే నిలబడిపోయాం. మావారు తల వంచుకుని కూర్చుని, ఎవరికో చెప్పమన్నట్టు కాకుండా, ఆయనకే చెప్పారు. "అన్నా, తప్పు నాది. నేను ఆ పొద్దు అట్ల లేచి వచ్చింది తప్పు."

బావగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "చింతపండా? ఈ ఏడు కాపు తక్కువంట కదా" అన్నారు.

అక్క నా చెవిలో, "రెండేండ్లాయె, చెవులు పూర్తిగా పోయినాయి. అరిచి చెప్పాల" అంది. వీధిలో జనం వస్తూ పోతూ ఉన్నారు. ఎదురింటివాళ్లు అరుగు మీద కూర్చుని ఉన్నారు. మావారు మళ్లీ నోరు తెరిచి, "అవునన్నా, కాపు తక్కువే" అని గట్టిగా అన్నారు. బావగారు సంతోషంగా తల ఊపారు. అన్నాలు తిన్నాం. వచ్చేటప్పుడు బావగారు తమ్ముడి చేయి పట్టుకుని కాసేపు వదలలేదు. ఆ మాట విన్నందుకో, ఊరికే పట్టుకున్నారో మాకు తెలియలేదు.

తిరుగు బస్సులో మావారు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. ఊరు దగ్గరపడ్డాక, "అరిచి చెప్పి ఉండాల్సింది" అన్నారు. మన కోపం చల్లారడానికి ఎంతకాలం కావాలో అంతకాలమూ తీసుకున్నాం గానీ, ఆ కాలం అవతలి మనిషి మీద కూడా గడుస్తూ పోయిందని మాకు అంతవరకూ తోచలేదు.